గురువారం న్యోక్కి, శనివారం త్రిప్పా: రోమ్‌లో ఒక పేట హోటల్

బుధవారం

ఫ్యుమిచీనో విమానాశ్రయంలో దిగేసరికి మధ్యాహ్నం మూడయింది. అక్కణ్నుంచి చాలామంది రోమ్ ప్రధాన స్టేషన్ తెర్మినీకి పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. మేం ఎఫ్ఎల్1 అనే లోకల్ రైలు ఎక్కాం. టికెట్ 8 యూరోలు, అరగంటలో ఒస్తియెన్సే స్టేషన్. సూట్‌కేసులు లాక్కుంటూ నడిచినా కాసేపట్లో టెస్టాచ్చో పేటకు చేరిపోతాం.

అక్కా నేనూ బస ఇక్కడ పెట్టుకున్నది తిండి కోసమే. కొలోసియం, వాటికన్ ఇదివరకే చూశాం. ఈసారి ఒకే పేటలో ఉండి, ఒకే చిన్న ట్రాట్టోరియాకు రోజూ వెళ్ళి, వాళ్ళు ఏ రోజు ఏం వండితే అది తినాలనుకున్నాం. ట్రాట్టోరియా అంటే సాధారణంగా ఒక కుటుంబం నడుపుకునే భోజన హోటల్. మేం ఎంచుకున్నది మా బస పక్క సందులోనే ఉంది. ఓ డజను బల్లలు, వాటి మీద పరిచిన కాగితం, గోడకో నల్లబోర్డు. వంట సిన్యోరాది (ఇటాలియన్‌లో అమ్మగారు అన్నట్టు), అరవై దాటి ఉంటాయి. బయట బల్లలు చూసుకునేది ఆవిడ భర్త, వాళ్ళబ్బాయి. హోటల్ పేరు ఇక్కడ రాయడం లేదు. పేటవాళ్ళకే బల్లలు చాలని చోటది.

రాత్రి భోజనానికి ఏడున్నరకు తలుపులు తీస్తారు. ఆ వేళకు వచ్చేది మాలాంటి పైఊరివాళ్ళే. పేటవాళ్ళు ఎనిమిదిన్నర దాటాక వస్తారు. ఎంత ఆకలేసినా ఆ వేళ దాకా ఆగమనే నేను చెబుతాను. లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ ముందు వంటింటి కిటికీలోకి తల పెట్టి సిన్యోరాను పలకరించి గానీ కూర్చోరు. ఏం బాగుందో ఆవిడ అక్కడే చెప్పేస్తుంది. మెనూ కార్డు ఆ తర్వాతి సంగతి.

కార్డు మీద వరస ఎక్కడైనా ఒకటే. మొదట నోరూరించే చిన్న పదార్థాలు, వాటిని అంతిపాస్తో అంటారు. తర్వాత ప్రీమో, అంటే పాస్తాయో సూపో. ఆ తర్వాత సెకొందో, మాంసమో చేపో. దాని పక్కన విడిగా చెప్పుకునే కూరగాయలు కొంతోర్నో. చివర తీపి. ఇవన్నీ తినాలేమోనని కొత్తవాళ్ళు కంగారు పడతారు. అక్కర్లేదు. ఒక ప్రీమో, ఒక కొంతోర్నో చెప్పుకుని లేచిపోయేవాళ్ళు పేటవాళ్ళలోనే బోలెడుమంది కనిపించారు.

అక్క మాంసం, చేప తినదు. గుడ్డు, పాలు తింటుంది. రోమ్ వంటంటే ఆమెకు మొదట్నుంచీ కొంచెం టెన్షనే. ఈ ఊరికి పేరు తెచ్చిన పాస్తాలు నాలుగు. వాటిలో గ్రీచా, అమత్రిచానా, కార్బొనారా మూడింటిలోనూ గ్వాంచాలే పడుతుంది, అంటే ఉప్పు, మిరియాలు పట్టించి ఆరబెట్టిన పంది చెంప మాంసం. అది లేనిది కాచో ఎ పెపె ఒక్కటే. ఇందులో ఉండేవి గొర్రెపాల జున్ను పెకొరీనో రొమానో, మిరియాలు, పాస్తా, అది ఉడికిన నీళ్ళు. అంతే. శాకాహారులు ఇంకోటి కూడా తెలుసుకోవాలి. ఆ పాలు విరగడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అక్కకు ఆ సంగతి బయల్దేరకముందే చెప్పాను. ఆలోచించుకుని, తనకు పర్లేదంది. అది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం.

వచ్చిన ప్లేటు చూస్తే ఇందులో వెన్నా మీగడా లేవంటే నమ్మబుద్ధి కాలేదు. టొన్నరెల్లి అనే లావుపాటి దారాల్లాంటి పాస్తా, దానికి అంటుకుని చిక్కటి తెల్లటి పూత. పాస్తా ఉడికిన నీళ్ళలో గంజి దిగుతుంది. ఆ గంజే జున్నునూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. వేడి ఎక్కువైతే జున్ను ముద్దలు కడుతుంది, తక్కువైతే కరగదు. అందుకే పెనం పొయ్యి మీంచి దించి, కాస్త చల్లారనిచ్చి కలుపుతారు. వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, సిన్యోరా ప్లేటు ప్లేటుకూ విడిగా కలుపుతోంది. పదిమందికి ఒకేసారి కలిపి పెట్టే వంట కాదిది. చిన్న హోటళ్ళలో దీని రుచి వేరుగా ఉండటానికి నాకు తోచిన కారణం ఇదే.

గురువారం

పొద్దున వీధిలోంచి వెళ్తుంటే తలుపు సగం తీసి ఉంది. లోపల సిన్యోరా బల్ల మీద పిండి చల్లి న్యోక్కి చేస్తోంది, అంటే బంగాళాదుంపతో చేసే చిన్న ముద్దలు. బోర్డు మీద సుద్దతో రాసిన మాట ఒక్కటే, న్యోక్కి.

రోమ్‌లో పాత ట్రాట్టోరియాలకు వారం లెక్క ఉంది. గురువారం న్యోక్కి, శుక్రవారం చేప, శనివారం త్రిప్పా, అంటే పశువు పొట్ట. శుక్రవారం కాథలిక్కులు మాంసం మానేసే రోజు కాబట్టి, దాని ముందురోజు కడుపు నిండే బరువైన తిండి తినేవాళ్ళు. వారం పొడవునా అన్నీ దొరికే ఈ కాలంలో ఆ లెక్క పాటించాల్సిన అవసరం ఎవరికీ లేదు. అయినా ఇక్కడ బుధవారం న్యోక్కి అడిగితే లేదంటారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. గురువారం చేస్తే అది ఆ పొద్దుటిదే అయ్యుంటుంది, మధ్యాహ్నానికి అయిపోతుంది కూడా.

బంగాళాదుంపలు కొత్తవి పనికిరావట. నీరు తక్కువగా ఉండే పాతవి కావాలి. తొక్కతోనే ఉడికించి, వేడి మీదే మెదిపి, పిండి వీలైనంత తక్కువ కలుపుతారు. పిండి ఎక్కువైతే న్యోక్కి రబ్బరులా సాగుతుంది. ముద్దను సన్నగా పొడుగ్గా చేసి, ముక్కలు కోసి, ఒక్కో ముక్కను ఫోర్కు వెనకవైపు మీదుగా దొర్లిస్తారు. ఆ గాట్లలోనే సాస్ నిలుస్తుంది. మరిగే నీళ్ళలో వేస్తే మొదట మునిగి, ఉడికాక పైకి తేలతాయి. తేలగానే తీసేయాలి.

ఒంటిగంటకల్లా వెళ్ళి కూర్చున్నాం. న్యోక్కి మీద పోసే టమాటా సాస్‌లో చాలా చోట్ల పంది పక్కటెముకలు వేసి ఉడికిస్తారు. ముక్కలు తీసేసినా రసం అందులోనే ఉంటుంది. అందుకని "మాంసం లేకుండా" అనడం చాలదు, సాస్ దేనితో ఉడికిందో అడగాలి. అబ్బాయిని అడిగితే లోపలికెళ్ళి కనుక్కుని వచ్చాడు. అక్కకు వేరే చిన్న గిన్నెలో టమాటా, తులసి జాతి ఆకు బాసిలికో వేసి విడిగా చేసిచ్చారు. ఒక్కటి నోట్లో పెట్టుకుని, "ఇది నమలక్కర్లేదే, కరిగిపోతోంది" అంది. ప్లేటు సగమయ్యాక నావైపు చూసి, "నువ్వింకేం చెప్పకు, నాకిది చాలు" అంది. అలాగే అయింది. రాత్రికి ఇద్దరం పళ్ళు తిని పడుకున్నాం.

శుక్రవారం

మార్చి నెల, ఈస్టర్‌కు ముందరి ఉపవాస దినాలు. కాబట్టి ఈ శుక్రవారం మామూలు శుక్రవారం కన్నా గట్టిది. బోర్డు మీద పాస్తా ఎ చేచి, అంటే శనగలు, పాస్తా కలిపి చిక్కగా ఉడికించిన సూప్. ఇంకోటి బక్కలా. ఉప్పులో నిలవచేసిన కాడ్ చేప ఇది. ఉత్తర సముద్రాల నుంచి వస్తుంది. చెక్కలా బిగుసుకున్న ముక్కలను రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెడితే గానీ ఉప్పు దిగదు. అంటే శుక్రవారం వంట బుధవారమే మొదలైందన్నమాట. మేం మొదటిరోజు కాచో ఎ పెపె తింటున్నప్పుడే వెనకాల తొట్టిలో ఈ చేప నానుతోంది.

నాకు వచ్చింది టమాటా, ఎండుద్రాక్ష, పైన్ గింజలు వేసి వండినది. చేప పొరలు పొరలుగా విడిపోయింది. తీపి, ఉప్పు, పులుపు ఏదీ రెండోదాన్ని మింగేయలేదు. ఈ వారంలో నేను తిన్నవాటిలో మొదటి స్థానం దీనికే ఇస్తాను.

శనగల సూప్ అక్కకని చెబుతుంటే సిన్యోరా భర్త, పెద్దాయనే ఆపారు. అందులో రోజ్‌మేరీ, వెల్లుల్లితో పాటు ఆంచోవీ చేప వేశారట. నూనెలో కరిగిపోతుంది కాబట్టి కంటికి కనబడదు. మేం అడగకుండానే చెప్పారు. రెండు రోజుల్లోనే ఎవరు ఏం తినరో వాళ్ళకు గుర్తుండిపోయింది.

అక్క భోజనం మరోవైపు తిరిగింది. మార్చి అంటే రోమ్‌లో ఆర్టిచోక్ కాలం, అది కూరగా తినే ఒక పూమొగ్గ. ఇక్కడి రకం గుండ్రంగా, ముళ్ళు లేకుండా, అరచేతిలో పట్టనంత ఉంటుంది. పై రేకులు వలిచేసి, మధ్యలో వెల్లుల్లి, మెంతూచ్చా అనే పుదీనా జాతి ఆకు కూరి, తలకిందులుగా నిలబెట్టి నూనె, నీళ్ళు పోసి మెల్లగా మగ్గించేది రోమ్ పద్ధతి. కాడతో సహా తినేయొచ్చు. రెండోది యూదుల పద్ధతి. నూనెలో రెండుసార్లు వేయించి పువ్వులా విప్పుతారు. 1555లో పోప్ నాలుగో పాల్ యూదులను తైబర్ నది ఒడ్డున గెట్టోలో, అంటే వాళ్ళకని విడిగా గోడ కట్టిన పేటలో, నిర్బంధించాడు. ఈ వంట ఆ వీధుల్లో పెరిగింది. ఇప్పుడు ఊరంతా తింటారు గానీ దాని పేరులో మాత్రం యూదుల మాట అలాగే ఉంది. అక్క రెండూ తెప్పించుకుంది, బ్రెడ్డుతో గిన్నె అడుగున నూనె కూడా తుడిచేసింది. పెద్దాయన చూసి సంతోషపడ్డారు. ఇక్కడ ప్లేటు బ్రెడ్డుతో తుడిస్తే తప్పుపట్టరు.

కొంతోర్నోగా పుంతరెల్లె కూడా ఉంది. చికరీ మొక్క లేత కాడలను సన్నగా చీల్చి చల్లటి నీళ్ళలో వేస్తే అవే ముడుచుకుంటాయి. కొంచెం చేదు, కరకర. దాని మీద పోసే దానిలోనూ ఆంచోవీయే. అక్క కోసం ఒట్టి నూనె, వెనిగర్, వెల్లుల్లి వేసి ఇచ్చారు. దీని కాలం అయిపోవస్తోందట, ఇంకో వారం దొరికితే ఎక్కువ.

శనివారం

త్రిప్పా రోజు. తినే ముందు పేట చూడాలి. ఈ వంట ఇక్కడ ఎందుకు పుట్టిందో చూస్తేనే తెలుస్తుంది.

పేటకు దక్షిణం వైపు ఒక గుట్ట ఉంది. ఎత్తు 35 మీటర్లు. మట్టి గుట్ట కాదు, అంతా పగిలిన కుండపెంకులే. రోమన్ సామ్రాజ్యం కాలంలో దక్షిణ స్పెయిన్ నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఆలివ్ నూనె పెద్ద పెద్ద జాడీల్లో తైబర్ రేవుకు వచ్చేది. నూనె ఇంకిన జాడీ కంపు కొడుతుంది, మళ్ళీ వాడటానికి పనికిరాదు. వాటిని పగలగొట్టి, వాసన రాకుండా సున్నం చల్లి, వరసలుగా పేర్చుకుంటూ పోయారు. అలా గుట్టయింది. పెంకుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి దాని పాదంలో తవ్విన గదులు వేసవిలోనూ చల్లగా ఉంటాయి. వందల ఏళ్ళు అందులో వైన్ పీపాలు నిలవచేశారు. ఇవాళ కొన్ని గదుల్లో హోటళ్ళు ఉన్నాయి. గోడకు అద్దం బిగించి, వెనక పెంకులు కనబడేలా పెట్టినవీ ఉన్నాయి.

గుట్ట పక్కనే మత్తతోయో, పాత కబేళా. జోఅక్కీనో ఎర్సోక్ రూపొందించిన ఈ కట్టడాలను 1888 నుంచి 1891 లోపు కట్టారు. 1975లో మూసేశారు. ఇప్పుడక్కడ కళా ప్రదర్శనలు జరుగుతాయి, ఒక భాగంలో విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ క్లాసులు నడుస్తాయి. పశువులను వేలాడదీసిన ఇనుప కమ్మీలు, కొక్కేలు షెడ్లలో ఇంకా అలాగే ఉన్నాయి. అక్క లోపలికి రానంది. బయట బెంచీ మీద కూర్చుంది. నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చాను.

ఆ పశువుల్లో మంచి మాంసం ఎవరికి పోయేదో చెప్పక్కర్లేదు. పెద్దింటివాళ్ళు, మతాధికారులు, సైన్యం. తోక, పేగులు, పొట్ట, నాలుక మిగిలేవి. కబేళా కూలీలకు కూలిలో కొంత భాగం వాటితోనే ఇచ్చేవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు, చుట్టుపక్కల హోటళ్ళవాళ్ళు వాటిని గంటల తరబడి ఉడికించి తినదగ్గవిగా చేశారు. ఇప్పుడు టెస్టాచ్చోకు జనం వెతుక్కుంటూ వచ్చేది ఆ వంటల కోసమే. ఎద్దు తోకను టమాటాతో, ఎక్కువ సెలరీతో మాంసం ఎముక నుంచి ఊడేదాకా ఉడికించేది కోదా అల్లా వక్చినారా. పాలు తాగే దూడ పేగులతో చేసే సాస్ పజాతా. పశువుల్లో మ్యాడ్ కౌ జబ్బు వచ్చాక 2001లో అది నిషేధంలోకి వెళ్ళింది, 2015లో తిరిగి అనుమతించారు. మధ్య కాలంలో గొర్రెపిల్ల పేగులతో నడిపించారని పెద్దాయన చెప్పారు.

ఇవి అందరూ తినేవి కావు, తినమని నేను ఎవరికీ చెప్పను. నేను త్రిప్పా తిన్నాను. పొట్ట భాగాన్ని కడిగి, చాలాసేపు ఉడకబెట్టి, సన్నటి పట్టీలుగా కోసి, టమాటాలో మళ్ళీ ఉడికిస్తారు. దించే ముందు మెంతూచ్చా, పైన పెకొరీనో. మెత్తగా ఉంది, వాసన లేదు. ఆ ఆకు లేకపోతే ఇంత తేలిగ్గా ఉండేది కాదనిపించింది. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన ఒక్కరే కూర్చుని అదే తింటున్నారు. కబేళా మూసేసినప్పుడు తనకు పాతికేళ్ళని, వాళ్ళ నాన్న అందులోనే పనిచేశారని చెప్పారు. శనివారం ఆయన బల్ల ఎవరికీ ఇవ్వరు, రాకపోతే అబ్బాయి ఇంటికి వెళ్ళి చూసి వస్తాడు.

అక్క మళ్ళీ కాచో ఎ పెపెయే చెప్పింది. బుధవారం తిన్నదానికన్నా మిరియాలు ఎక్కువున్నాయంది. చేతి వంట కదా, రోజూ ఒకేలా ఎలా ఉంటుంది.

ఆదివారం

మధ్యాహ్నం బల్ల కావాలని నిన్ననే చెప్పి పెట్టుకున్నాం. లేకపోతే దొరికేది కాదు. తాతలు, మనవలు, ఉయ్యాల బుట్టలో పసిపిల్ల, మూడు బల్లలు కలిపేసి ఒకే కుటుంబం. పట్టీల్లాంటి ఫెత్తుచ్చీనె పాస్తా, ఓవెన్లో కాల్చిన గొర్రెపిల్ల మాంసం, బంగాళాదుంపలు. ఒంటిగంటకు కూర్చున్నవాళ్ళు నాలుగైనా లేవలేదు. వాళ్ళను లేవమన్నట్టు ఎవరూ ముఖం కూడా పెట్టలేదు.

బిల్లు గురించి ఇక్కడ చెప్పాలి. అడగకపోతే తీసుకురారు. అది నిర్లక్ష్యం కాదు, బిల్లు ముందే పెట్టడమంటే లేచి వెళ్ళమనడం. "ఇల్ కొంతో" అని మనమే అడగాలి. ఇటలీలో చాలా ఊళ్ళలో మనిషికింతని కోపెర్తో అనే కూర్చున్నందుకు ఛార్జీ వేస్తారు. రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో 2006 నాటి చట్టం దాన్ని కూడదంది. ఇక్కడ బిల్లులో కనబడేది బ్రెడ్డు ఖరీదు. మాకు మనిషికి 2 యూరోలు పడింది. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే సంతోషిస్తారు. కాఫీ భోజనం అయ్యాక విడిగా వస్తుంది, చిన్న కప్పులో నల్లగా. పాలు కలిపిన కాపుచ్చీనో ఇక్కడ పొద్దుటి తిండి.

సోమవారం

సెలవు. షట్టర్ దించి ఉంది. మార్కెట్ తెరిచే ఉంది. 2012లో కబేళా ఎదురుగా కట్టిన కొత్త మార్కెట్టు ఇది. అక్క ఆర్టిచోక్‌లు ఎలా వలుస్తారో ఒకావిడ దగ్గర నిలబడి నేర్చుకుంది. వేళ్ళు నల్లబడకుండా నిమ్మకాయ రాసుకోమంది ఆవిడ. అక్కణ్నుంచి నడుచుకుంటూ పిరమిడ్ దాకా వెళ్ళాం. రోమన్ కాలంలో చెస్తియస్ అనే అధికారి సమాధిగా కట్టింది. దాని నీడలో కాథలిక్కులు కానివాళ్ళ శ్మశానం, అందులో 1821లో పోయిన కవి కీట్స్ సమాధి. చెట్ల కింద చాలాసేపు కూర్చున్నాం. రాత్రికి ఒక దుకాణంలో పిజ్జా ముక్కలు తూకం వేసి కొనుక్కున్నాం. బాగున్నాయి.

మంగళవారం

సాయంత్రం విమానం. మధ్యాహ్నం చివరి భోజనం.

పనిరోజు మధ్యాహ్నం ఇదే హోటల్ వేరుగా ఉంటుంది. మార్కెట్టు వాళ్ళు, పోస్ట్‌మ్యాన్, చేతిలో చార్టు గొట్టాలతో ఆర్కిటెక్చర్ పిల్లలు. ఒక ప్రీమో, నీళ్ళు, కాఫీ, అరగంటలో లేచి పోతారు. చోటు లేకపోతే తెలియనివాళ్ళ బల్ల దగ్గరైనా కూర్చోబెడతారు. మా బల్ల దగ్గర కూర్చున్న కూరగాయలావిడ నిన్న అక్కకు ఆర్టిచోక్ వలవడం నేర్పినావిడే. మమ్మల్ని చూసి సిన్యోరాకు ఏదో గట్టిగా చెప్పింది, వంటింట్లోంచి నవ్వు వినబడింది.

అబ్బాయి అక్కకు కార్డు ఇవ్వలేదు. ఆర్టిచోక్ ముక్కలతో పాస్తా, అందులో చేప గానీ మాంసం గానీ లేదని చెప్పి ఒకేసారి ప్లేటుతో వచ్చాడు. నాకు అమత్రిచానా. గ్వాంచాలే కరకరలాడుతూ, టమాటా పుల్లపుల్లగా. ఇద్దరికీ బ్రెడ్డు, నీళ్ళు, కాఫీలతో కలిపి 33 యూరోలయింది.

వెళ్ళొస్తామని చెప్పడానికి వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాం. చేతులు తుడుచుకుంటూ సిన్యోరా వచ్చి, మీరు నెల ముందు వచ్చారు అంది. ఏప్రిల్ చివర్లో విన్యరోలా చేస్తుందట. లేత బఠానీలు, బ్రాడ్ బీన్స్, కాలం ముగిసే ముందరి ఆర్టిచోక్‌లు, లెట్యూస్ ఆకు, అన్నీ కలిపి మగ్గించేది. అవన్నీ ఒకేసారి పొలంలో ఉండేది కొద్ది వారాలేనట. చాలామంది గ్వాంచాలే వేస్తారు, తను లేకుండా చేసి పెడతానని అక్క చేయి పట్టుకుని చెప్పింది.

ఒస్తియెన్సేలో రైలెక్కి కూర్చోగానే అక్క ఫోన్ తీసి ఏప్రిల్ ఆఖరి వారానికి టికెట్లు ఎంతున్నాయో చూడటం మొదలుపెట్టింది.